తడిరాయి

ఆదివారం పొద్దున్న మాస్టారి పెరటి గదిలో అడుగుపెట్టిన వాళ్ళకి మొదట కనిపించేది నీళ్ళే. బల్ల మీద ఎవరి గిన్నె వాళ్ళది. కిటికీలో వరసగా మూతలు బిగించిన జామ్ సీసాలు, ప్రతి సీసాలో నీళ్ళు, ఆ నీళ్ళ అడుగున ఉంగరాల్లో పొదిగే ఓపల్ రాళ్ళు ఒకటో రెండో. నలభై ఏళ్ళు బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి ఆయన. బళ్ళో పిల్లలు ఎంత భయపడ్డారో తెలీదు గానీ, సరదాకి రాళ్ళు అరగదీసుకుందామని ఈ గదికొచ్చే అయిదారుగురు పెద్దవాళ్ళు మాత్రం ఆయన దగ్గితే చాలు సర్దుకుని కూర్చునేవారు.

ఆయన పెట్టిన రూళ్ళు రెండే. ఓపల్ ఎండితే పగులుతుంది కాబట్టి పని లేనప్పుడు రాయి నీళ్ళల్లోనే ఉండాలి. రెండోది, తడిరాయిని చూసి ఏ మాటా చెప్పకూడదు. తడిలో గీతలన్నీ దాక్కుంటాయి, పనికిరాని రాయి కూడా పెళ్ళికూతురిలా మెరుస్తుంది. తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు చూసి నోరు విప్పాలి.

బీరువా మీద ఒక సీసా మాత్రం వేరుగా ఉండేది. కొత్తగా ఎవరొచ్చినా మాస్టారు దాన్ని కిందికి దింపి చూపించేవారు. అడుగున బాదంగింజంత గాజుముక్క.

"పదకొండేళ్ళ కిందట ఎక్కడిదో మంచి రాయి దొరికింది నాకు. మెరుగు పెట్టి ఇవ్వరా అని సొంత తమ్ముడి చేతికిచ్చాను. అసలుది నొక్కేసి ఇది తెచ్చి పెట్టాడు. తెచ్చింది తెచ్చినట్టే ఉంచాను, చూసినప్పుడల్లా గుర్తుండాలని."

ఆ తమ్ముడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు, ఆయన తొక్కనివ్వలేదు. సీసాలో నీళ్ళు తగ్గితే మాత్రం ప్రతి ఆదివారం గుర్తుపెట్టుకుని పోసేవారు. గాజుముక్కకి నీళ్ళెందుకు సార్ అని అడిగే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు.

ఆ గదికొచ్చేవాళ్ళలో ఆడమనిషి ఒక్కతే. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. రెండేళ్ళ కిందట మాస్టారింటికి కర్టెన్లు ఇవ్వడానికొచ్చి, గుమ్మంలో నిలబడి వీళ్ళ పని చూస్తూ, వెళ్ళడం మర్చిపోయింది. "నిలబడే బదులు కూర్చోవచ్చుగా" అన్నారు మాస్టారు. కూర్చుంది. అప్పటినుంచి ఆదివారం పొద్దున్న మూడు గంటలు ఆమెవి. వారం మొత్తంలో ఆమెవి అని చెప్పుకోదగ్గవి అవే. ఆరు రోజులు ఊళ్ళోవాళ్ళ చొక్కాల మడతలు చూసుకునే వేళ్ళు, ఏడో రోజు గోరంత రాయిని ఉప్పు కాగితం మీద గుండ్రంగా తిప్పుతూ, లోపలున్న రంగు పైకొచ్చేదాకా ఆగేవి. ఆ గుంపులోని బ్యాంకాయన రాయిని అరగదీసి అరగదీసి రంగు పొరని దాటిపోయి, కింద బూడిద రాయి తేలాక నాలిక కరుచుకునేవాడు. ఆమె చేతిలో ఒక్క రాయీ అలా పోలేదు. ఎక్కడ ఆపాలో ఆ వేళ్ళకి తెలుసు.

అందుకే అదే గుంపులోని పళ్ళ డాక్టరు ఒక ఆదివారం తన రాయిని తెచ్చి ఆమె ముందే పెట్టాడు.

"నావల్ల కాదమ్మా ఇది. పళ్ళు అరగదియ్యమంటే కళ్ళు మూసుకుని అరగదీస్తాను, దీన్ని ముట్టుకోవాలంటే చెయ్యి వణుకుతోంది. నాలుగు వారాల్లో మా ఆవిడ పుట్టినరోజు. ఉంగరం చేయించాలి. నువ్వే చెయ్యి."

రాయి అందరి చేతులూ తిరిగింది. తేనె రంగు రాయి, తిప్పితే లోపల ఎర్రవి, పచ్చవి మచ్చలు పరిగెత్తేవి. మాస్టారి దగ్గరుండే రాళ్ళన్నీ ఒకే గనివి, పాలలాంటివి. డాక్టరు ఎక్కడికో సమావేశానికి వెళ్ళినప్పుడు కొన్నాడట, ఆ నేల వేరు. మాస్టారు దాన్ని చిన్న కాటాలో వేసి, గోడమీద నల్లబోర్డు పై సుద్దతో రాశారు. డాక్టరు, ఇరవై రెండు క్యారెట్లు.

ఆ పూటంతా ఆమె రాయి వెనక భాగం చదును చేసింది. నీళ్ళు చిలకరించడం, నాలుగుసార్లు తిప్పడం, తుడిచి చూడడం. పన్నెండు కొట్టేసరికి రంగులు కాస్త మందగించినట్టు అనిపించింది. అరగదీసిన బురద అంటుకుందిలే అనుకుంది. రూలు ప్రకారం సీసాలో నీళ్ళు పోసి, రాయి వేసి, మూత బిగించి ఇంటికి తీసుకెళ్ళింది.

సోమవారం సాయంత్రం పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, వంటింటి బల్ల మీద ఉప్పు కాగితాలు పరిచి, సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. సీసాలో రాయి లేదు.

"అత్తయ్యా, ఈ సీసా ఎవరైనా ముట్టుకున్నారా?"

అత్తగారు కూరగాయల కత్తి కింద పెట్టి చూసింది. "ఇంట్లో ఉన్నది మనమిద్దరం. మీ ఆయన లారీ వేసుకుని పోయి అయిదు రోజులైంది. నేను నీ రాళ్ళ జోలికి వస్తానా? రాళ్ళు నమలడానికి నాకున్న పళ్ళే నాలుగు."

ఆమె మూత తీసి నీళ్ళలో వేళ్ళు పెట్టింది. అడుగున గట్టిగా తగిలింది. పైకి తీసి బట్టతో తుడిచింది. చేతిలో ఒక గాజుబిళ్ళ. తేనె రంగు లేదు, ఎరుపు లేదు, పచ్చ లేదు. అరచేతిలో పెట్టుకుంటే దాని కింద గీతలన్నీ కనిపిస్తున్నాయి. వెనకవైపు తను నిన్న చదును చేసిన చోటు, తన వేళ్ళకి తెలిసిన ఆ అంచు, అలాగే ఉంది. రాయి అదే. అందులో రాయి మాత్రం లేదు.

ఏం చేశాను, ఎక్కువ రుద్దానా, ఏ సబ్బు నీళ్ళైనా తగిలాయా అని చేసిన పనంతా మొదటినుంచి చివరిదాకా నాలుగుసార్లు తలచుకుంది.

"ఆదివారం దాకా నోరెత్తకు" అంది అత్తగారు. "అడిగినప్పుడు చూసుకుందాం."

"దాచితే దొంగతనమవుతుంది అత్తయ్యా."

"చెప్తే మాత్రం కాదని ఎవరన్నారు?" అని ముసలావిడ మళ్ళీ కత్తి అందుకుంది. ఆవిడ చెప్పే సలహాలు సగం పనికిరావు గానీ, మనుషుల గురించి చెప్పేవి తప్పవు.

మంగళవారం పనికి వెళ్ళే ముందే ఆమె మాస్టారింటికి వెళ్ళింది. ఆయన రాయిని తుడిచి, కిటికీ దగ్గర భూతద్దంతో చూశారు. చాలాసేపు చూశారు. తరవాత కాటాలో వేశారు. ఇరవై మూడు.

"ఇది గాజు" అన్నారు.

"అదే రాయి మాస్టారూ. సీసాలో వేశాను, తీశాను. ఇలా అయిపోయింది."

"నలభై ఏళ్ళుగా ఓపల్‌ని నీళ్ళల్లోనే పెడుతున్నాను. ఒక్కటి గాజవలేదు." బోర్డు వైపు వేలు చూపించారు. "ఇరవై రెండు ఇచ్చాం నీకు. నువ్వు అరగదీశావు. అరగదీసిన రాయి బరువు తగ్గుతుందా, పెరుగుతుందా?"

అరిచినా బాగుండేది. ఆయన అరవలేదు. బీరువా మీద సీసా వైపు ఒకసారి చూసి, కుర్చీలో కూలబడినట్టు కూర్చున్నారు. ఆ ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువ కనిపించింది ఆమెకి.

"ఆదివారం దాకా ఆగుతాను. అసలు రాయి తెచ్చి ఈ బల్ల మీద పెట్టు. ఎందుకు, ఏమిటి అని ఒక్క మాట అడగను. లేదంటే ఇంక ఈ గదికి రాకు. దీన్ని తీసుకెళ్ళు, గాజుముక్కలు నాకు ఒకటి చాలు."

దారిలో ఆమెకి ఏడుపు రాలేదు. లాండ్రీకి చేరి, ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకున్నాక వచ్చింది. ఆవిరి మంచిది, ఎవరికీ ఏదీ తెలియనివ్వదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి గాజులాంటి ఆ రాయిని మళ్ళీ నీళ్ళల్లోనే వేసింది. రూలు రూలే కదా.

బుధవారం పది గంటలకి డాక్టరు లాండ్రీకే వచ్చాడు. ఆయన ఆసుపత్రి తువ్వాళ్ళు, దుప్పట్లు ఇక్కడికే వస్తాయి, ఓనరమ్మకి బాగా కావలసిన మనిషి. మాస్టారు ఫోన్ చేసినట్టున్నారు. గొంతు పెంచలేదు. పన్ను పీకే ముందు రోగితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"ఇంట్లో ఏదైనా ఇబ్బందా అమ్మా? నన్ను అడగాల్సింది. చెయ్యగలిగింది చేసేవాణ్ణి కదా. ఆ రాయి ఒక్కటీ ఇచ్చెయ్యి, అంతా మర్చిపోదాం."

మడతలు పెట్టే అమ్మాయిలిద్దరూ చేతులు ఆపేశారు. ఓనరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"నేను తియ్యలేదు సార్."

"తీశావని నేననలేదే" అన్నాడు డాక్టరు బాధగా. ఆ బాధ నిజమైనదే. అందుకే ఆమెకి ఒళ్ళంతా మండింది. తిడితే తిరిగి ఒక మాట అనొచ్చు, జాలిపడేవాణ్ణి ఏమంటాం?

ఆయన వెళ్ళాక ఓనరమ్మ దగ్గరికొచ్చి, "కొన్నాళ్ళు డాక్టరు గారి మూటలు నువ్వు ముట్టుకోకులే. ఇస్త్రీ బల్ల దగ్గర ఇంకొకళ్ళని పెడతాను, నువ్వు వెనక ఉతికే వైపుకి వెళ్ళు" అంది. పధ్నాలుగేళ్ళుగా ఈ షాపులో వేరేవాళ్ళ జేబుల్లో దొరికిన ప్రతి వస్తువూ కవర్లో వేసి పేరు రాసి పెట్టిన మనిషి ఆమె. ఆ సంగతి ఓనరమ్మకీ తెలుసు. తెలిసే అంది.

వెనక వైపు నేలంతా తడి. మెషీన్లోంచి తీసిన దుప్పట్లు తీగల మీద వెయ్యాలి. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి ఒక మూటని కాటా మీద పెట్టి తికమక పడుతోంది.

"అక్కా, చీటీలో ఏడు కిలోలు అని ఉంది. ఇప్పుడు తొమ్మిదికి పైగా చూపిస్తోంది. ఇంకొకళ్ళవి కలిసిపోయాయంటావా?"

"తడిబట్టలు తూకం వేస్తారటే ఎవరైనా? అందులో రెండు కిలోలు నీళ్ళే. ఆరాక..."

మాట సగంలో ఆగిపోయింది. చేతిలో ఉన్న పల్చటి తెల్ల దుప్పటి ముంజేతికి అతుక్కుని ఉంది. ఆ తెలుపు ఎక్కడికి పోయిందో, కింద తన గాజులు, వాటి కింద చర్మం మీద ఇస్త్రీపెట్టె కాల్చిన పాత మచ్చ, అన్నీ అద్దంలోంచి చూసినట్టు కనిపిస్తున్నాయి. అలాంటి దుప్పటే అవతల తీగ మీద, నిన్న ఆరేసింది, సున్నం వేసిన గోడలాగా ఉంది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. నువ్వు ఆ మూట దించు."

తీగ మీద దుప్పటి వేసి, క్లిప్పులు పెడుతూ లెక్క చూసుకుంది. ఇరవై రెండు ఇచ్చారు. అరగదీసింది పోగా తక్కువుండాలి. ఇరవై మూడు తూగింది. ఎక్కువైనదంతా ఏమిటి మరి? ఆ రాయి నీళ్ళు తాగింది. దుప్పటి తాగినట్టే తాగింది. మాస్టారి పాలరంగు రాళ్ళు పింగాణీ గిన్నెల్లాంటివేమో, నీళ్ళు పైనుంచి జారిపోతాయి. ఇది బట్ట. బట్టని ఆదివారం నుంచి బకెట్లో నానబెట్టి, రంగు ఎక్కడికి పోయిందని ఏడుస్తోంది తను. పైగా నిన్న మళ్ళీ నానబెట్టింది!

పని అయ్యాక ఇంటికి పరిగెత్తినట్టే వెళ్ళి రాయిని నీళ్ళలోంచి తీసింది. సంగతి విని అత్తగారు వెంటనే, "ఇస్త్రీపెట్టె ఉందిగా, ఒక్కసారి అలా తగిలించు" అంది.

"పగిలి చస్తుంది అత్తయ్యా. పట్టుబట్టని ఎండలో వేస్తామా?"

పాత నూలు చీర ముక్కలో రాయిని వదులుగా చుట్టి, మూత లేని డబ్బాలో పెట్టి, పొయ్యికీ కిటికీకీ దూరంగా అలమారలో పెట్టింది. ఆరడం అనేది తన చేతిలో లేని పని. తొందరపెడితే ముడుచుకుపోతుంది, అంతే. పధ్నాలుగేళ్ళలో ఆమె నేర్చుకున్నది అదే. ఈసారి మాత్రం ఓపిక పట్టడం ఎంత కష్టమో తెలిసింది. ఆదివారానికి నాలుగు రోజులే ఉంది.

గురువారం తేడా లేదు. శుక్రవారం చూస్తే గంజినీళ్ళలా మసకబారింది. ఆశ పుట్టింది. శనివారం సాయంత్రం గుడ్డ విప్పేసరికి ఆశ కాస్తా నీరుకారిపోయింది. రాయంతా తెల్లగా, వెలుగు కూడా దూరకుండా, మొద్దుగా ఉంది.

అత్తగారు తొంగి చూసింది. "గాజు పోయి సుద్ద వచ్చింది. రేపటికి బొగ్గవుతుందేమో."

ఎప్పుడైనా నవ్వేదే. ఇప్పుడు నవ్వలేదు. ఒకవేళ తన లెక్కే తప్పయితే? రాయి నిజంగానే చచ్చిపోయి ఉంటే? రేపు ఆ గదిలోంచి బయటికి వస్తే మళ్ళీ లోపలికి వెళ్ళేది లేదు, ఓనరమ్మ ఇస్త్రీ బల్ల తిరిగి ఇచ్చేదీ లేదు. జీవితాంతం వెనకవైపు తడిలో నిలబడాలి, దొంగ అన్న మాట మోసుకుంటూ. భయం వేసింది. నిజంగా చాలా భయం వేసింది.

అత్తగారు ఆమె పక్కన కూర్చుని, "రేపు నేనూ వస్తాను" అంది.

"మీరెందుకు?"

"ఆ డాక్టరుకి నా నాలుగు పళ్ళూ చూపిద్దామని."

అప్పుడు నవ్వింది. అత్తగారిని మాత్రం రానివ్వలేదు.

ఆదివారం దారిలో గుడ్డ విప్పలేదు. గదిలో అందరూ ముందే వచ్చి కూర్చున్నారు. ఎవరూ ఉప్పు కాగితం ముట్టుకోలేదు. డాక్టరు ఆమె వైపు చూసి కళ్ళు తిప్పుకున్నాడు.

"తెచ్చావా?" అన్నారు మాస్టారు.

"మొదట తూకం వెయ్యండి మాస్టారూ."

గుడ్డ విప్పి రాయిని ఆమే కాటాలో పెట్టింది. ముల్లు ఊగి ఊగి ఇరవై ఒకటి దగ్గర ఆగింది.

"మంగళవారం మీరే తూచారు. ఇరవై మూడు. అప్పటినుంచి దీనికి కాగితం తగల్లేదు. రెండు క్యారెట్లు ఎక్కడికి పోయాయి?"

మాస్టారు వంగి ముల్లుని మళ్ళీ చూశారు.

"మా లాండ్రీలో తడిబట్టలు తూకం వెయ్యం. నీళ్ళు కూడా బట్టల్లోనే లెక్కకొస్తాయి. ఇది నీళ్ళు తాగే రాయి. తాగి గాజయింది, ఇప్పుడు ఆరుతోంది. తడిరాయిని చూసి మాట చెప్పకూడదని మీరే అన్నారు కదా మాస్టారూ. తడి పైనే ఉంటుందనుకున్నాం. దీనికి లోపల కూడా ఉంది."

"ఇది కొత్తగా తెచ్చిన మూడో రాయి అయితేనో?" అని గొణిగాడు బ్యాంకాయన.

డాక్టరు మాత్రం కుర్చీలోంచి లేచి కాటా మీదికి వంగాడు. "ఇక్కడ చూడండి" అన్నాడు.

రాయి పల్చగా ఉన్న అంచులో, ఆవగింజంత చోట, పచ్చ. ఆమె కూడా అప్పుడే చూసింది.

ఆ పూట ఎవరూ పని చెయ్యలేదు. రాయిని గుడ్డ మీద పెట్టి, చుట్టూ కూర్చుని, పాలు పొంగడం కోసం చూసినట్టు చూశారు. అరగంటకి పచ్చ పక్కన ఇంకో పచ్చ. మాస్టారి భార్య టీ తెచ్చింది. టీ తాగి గ్లాసులు కింద పెట్టేసరికి, ఆ తెల్లటి మొద్దులోపల తేనె రంగు తేలి, దాని మీద ఒక ఎర్రమచ్చ నిలిచింది. బ్యాంకాయన తన రాయే బతికినట్టు చప్పట్లు కొట్టాడు.

డాక్టరు ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "క్షమించమ్మా. చాలా తప్పు మాట అన్నాను."

"ఆ మాట ఇక్కడనలేదు సార్ మీరు. మా షాపులో అన్నారు, అందరి ముందూ."

డాక్టరు ముఖం ఎర్రబడింది. తల ఊపాడు. "రేపు పది గంటలకి వస్తాను. అక్కడే చెప్తాను, అందరి ముందూ."

"రండి సార్. రాయి ఇంకో నాలుగు రోజులు ఆరాలి. తరవాత నీళ్ళు లేకుండా పొడిగానే మెరుగు పెడతాను. పుట్టినరోజుకి అందుతుంది. అమ్మగారికి మాత్రం చెప్పండి, గిన్నెలు తోమేటప్పుడు ఉంగరం తీసెయ్యమని."

"గిన్నెలు తోమేది నేనే" అన్నాడు డాక్టరు, అందరూ నవ్వారు.

మాస్టారు నవ్వలేదు. ఆ నవ్వులో ఆయన లేరని ముందు చూసింది ఆమే. ఆయన మెడ ఎత్తి బీరువా పైకి చూస్తున్నారు. కాసేపటికి స్టూలు జరుపుకుని ఎక్కి, సీసా దింపారు. మూత బిగుసుకుపోయి ఉంది. రెండుసార్లు ప్రయత్నించి, ఏమీ అనకుండా ఆమె చేతికిచ్చారు. ఆమె తిప్పి తీసింది. మాస్టారు నీళ్ళు గిన్నెలోకి వంచి, గాజుముక్కని అరచేతిలోకి తీసుకున్నారు. ఆ చేతి గీతలన్నీ దాని కింద కనిపించాయి.

"అప్పుడూ తూకం ఎక్కువే వచ్చింది" అన్నారు మెల్లగా. "వాడు అదే చెప్పాడు. సీసాలో వేశానన్నయ్యా, తీశానన్నయ్యా, అని. అదే మాట." ఖాళీ సీసా వైపు చూశారు. "నేనే నీళ్ళు పోస్తూ వచ్చాను. వారం వారం."

ఆయన చెయ్యి కిటికీలో ఎండ వైపు వెళ్ళింది. ఆమె చటుక్కున మణికట్టు పట్టుకుంది. మాస్టారిని ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఎండలో వద్దు మాస్టారూ. పగులుతుంది. నీడలో ఆరాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"డాక్టరు గారిదానికి రంగు తేలడానికే నాలుగు రోజులు పట్టింది. దీనికి తెలీదు."

మాస్టారు ఆ ముక్కని ఆమె చీర ముక్కలోనే, డాక్టరు రాయి పక్కన పెట్టి, రెండూ ఆమె వైపు జరిపారు. "నీ దగ్గరే ఉంచు. నా దగ్గరుంటే అలవాటు కొద్దీ మళ్ళీ నీళ్ళల్లో వేసేస్తాను." నల్లబోర్డు దగ్గరికి వెళ్ళి డాక్టరు పేరు కింద ఇరవై ఒకటి అని రాశారు. దాని కింద ఇంకేదో రాయబోయి, సుద్ద పెట్టేసి, ఫోన్ తీసుకుని పెరట్లోకి నడిచారు.

"రంగు వచ్చాక చెయ్యొచ్చు కదా మాస్టారూ" అన్నాడు బ్యాంకాయన.

"రాకపోయినా చెయ్యాలి" అన్నారాయన వెనక్కి తిరక్కుండానే.

ఆమె రెండు రాళ్ళకీ మధ్యలో ఒక మడత వేసి, గుడ్డని వదులుగా చుట్టింది. కిటికీలోంచి మాస్టారి వీపు కనిపిస్తోంది. ఫోన్ చెవికి గట్టిగా నొక్కి పట్టుకుని, బళ్ళో తప్పు చేసిన పిల్లాడిలా నిటారుగా నిలబడి ఉన్నారు. చాలాసేపు మోగినట్టుంది. తరవాత అటువైపు ఎవరో ఎత్తారు.

"నేనేరా" అన్నారు మాస్టారు. "అన్నయ్యని."